మెలి తిప్పని కవరు

ఆదివారం మధ్యాహ్నం కాసాబ్లాంకా రేవు కస్టమ్స్ అధికారి తహర్ బెన్‌హీదా సముద్రపు ఒడ్డు హోటల్లో వేయించిన సార్డీన్ చేపలు తింటుండగా ఫోన్ మోగింది. వేళ్లకంటిన నిమ్మరసం తుడుచుకుని, ఫోన్ చెవికి ఆనించి "అలో" అన్నాడు. రెండో మాట అనడానికి ఆయనకు నోరు మిగల్లేదు. తలలో సగం పక్క టేబుల్ మీద పడింది. ఆ టేబుల్ వాళ్ల రొట్టెలో ఆలివ్ రంగు సిలికాన్ ముక్క ఒకటి గుచ్చుకుని కనిపించింది.

పోలీసులు బ్యాటరీ పేలిందనుకున్నారు. కాదని తేలింది. ఫోన్ బయటి నుంచి లోపలికి నలిగింది. పేలింది ఫోన్ కాదు, దాని వీపున తొడిగిన కవరు. రక్షణకని డబ్బు పోసి కొనుక్కున్నదే ఆయన తల తీసింది. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే, కాకపోతే పాపం ఆయనకు అది కొరివని తెలియదు.

బుధవారం పొద్దున ఏజెంట్ జవాద్ లహ్లూ పంటి నొప్పి నటిస్తూ ఒక డెంటిస్టు క్లినిక్కులోకి వెళ్లాడు. వెనక గదిలో కల్నల్ మీలూద్ కాఫీ తాగుతున్నాడు. ఆయనకు పలకరింపులు పడవు.

"పగడం ముఠా," అన్నాడు. "సముద్రం అవతల నుంచి దిగింది. రేవులో వాళ్ల కంటైనర్లున్నాయి. కాగితాల్లో టైల్స్. లోపల భుజం మీద పెట్టి పేల్చే క్షిపణులు. శుక్రవారం సాయంత్రం ఓడ ఎక్కుతాయి."

"తెరిచి చూడొచ్చుగా."

"కోర్టు ఉత్తర్వు కావాలి. అడిగినవాడు బెన్‌హీదా, వాడు పోయాడు. ఇవ్వాల్సిన జడ్జి శుక్రవారం మధ్యాహ్నం సంతకం పెట్టాలి. ఆవిడ పేరు నీకు నేను చెప్పనక్కర్లేదు."

నిజమే, చెప్పనక్కర్లేదు. హలీమా తాజీ మొన్నమొన్నటి దాకా జవాద్ భార్య. విడిపోయిన కాగితం మీద సంతకం పెట్టాడే గాని, ఆమె మీద ప్రేమ పోయిందని ఏ కాగితం మీదా రాయలేదు.

"ఆవిడ ఫోన్‌కి కవరుందా?" అన్నాడు కల్నల్.

"ఈ ఊళ్లో ఎవరికి లేదు సార్?"

"అది తీయించు. మనవాళ్ల చేత కొత్తది వేయించు. ఆ కవర్లు చేసేవాణ్ణి పట్టుకో. బతికి దొరికితే మంచిది. దొరక్కపోయినా నేనేం బాధపడను."

మనవాళ్లంటే షమ్స్. పగడం ముఠాలో పనిచేస్తూ వాళ్ల కబుర్లు కల్నల్‌కు మోసే మనిషి. మారిఫ్ పేటలో ఆమెకు పెద్ద కవర్ల షాపుంది, లోపల అడుగుపెడితే అత్తరు వాసన, అద్దాలు. సినిమాతారలు కూడా అక్కడే తమ ఫోన్లకు చీరకు జాకెట్టు ఎంచినట్టు కవర్లు ఎంచుకుంటారు. పుట్టింది మాత్రం దర్బ్ గల్లెఫ్ సంతలో, కవర్లమ్మే తండ్రికి.

జవాద్ వేషం కూడా ఆ సంతలోనే. రేకుల కప్పు కింద అతనికో కొట్టుంది, కవర్లూ స్క్రీన్ గ్లాసులూ దండలుగా వేలాడుతుంటాయి. అక్కడ ఏ మోడల్ ఫోన్ ముందుకొచ్చినా కెమెరా కన్ను ఎక్కడ తెరుచుకుంటుందో కళ్లు మూసుకుని చెప్పగలిగినవాడికే పరువు. ఇంకో ఆచారం కూడా ఉంది. సిలికాన్ కవరును కొనేవాడి కళ్ల ముందు తడిబట్ట పిండినట్టు మెలి తిప్పి, వదిలి, అది మళ్లీ యథాస్థానానికి వచ్చాకే చేతికివ్వాలి. మెలి తిప్పనివాడి దగ్గర సంతలో ఈగ కూడా వాలదు.

గురువారం ఒక టాక్సీ డ్రైవరు బేరమాడుతున్నాడు.

"ఇరవై దిర్హాములా? ఇది కవరా, పెళ్లికూతురి దుప్పటా?"

"పడేసి చూడు బావా. ఫోన్ పగిలితే డబ్బు వాపస్."

"నా ఫోన్ పగిలితే నాకు డబ్బు వాపసిస్తావు, ఫోన్ ఎవడిస్తాడు?"

"మీ ఆవిడనడుగు. నీ ఫోన్ పగిలితే ఆవిడకే సంతోషం."

డ్రైవరు నవ్వి డబ్బిచ్చి వెళ్లాడు. వాడి వెనకే నల్ల కళ్లద్దాలు, పచ్చ పట్టు బట్టలు, ఎర్రటి గోళ్లతో ఒక స్త్రీ నిలబడింది. సంత మొత్తం మెడలు తిప్పింది.

"ఎముక రంగు కవరుందా?" అంది.

"ఆ రంగు చలికాలంలోనే వస్తుంది," అన్నాడు జవాద్. రహస్య సంకేతం సరిపోయింది.

షమ్స్ ఒక కవరు తీసి, ఆ పొడుగు గోళ్లతోనే అలవాటుగా మెలి తిప్పి వదిలింది. గొంతు తగ్గించింది. "సీదీ మూమెన్ పేటలో పాత టైర్ల గోదాము. రేపు పొద్దున కవర్లు చేసేవాడు అక్కడికొస్తాడు. ఒక్కడివే వెళ్లు. నలుగురు కనిపిస్తే పారిపోతాడు."

"నీ రుణం ఎలా తీర్చుకోవాలి లల్లా షమ్స్?" అన్నాడు, ఆ ఊళ్లో ఆడవాళ్లను గౌరవంగా పిలిచే మాట వాడి.

"బతికిరా. తరవాత ఆలోచిద్దాం."

ఆ సాయంత్రం జవాద్ హలీమాకు ఫోన్ చేశాడు.

"నాకు ఫోన్ చేయడానికి నీకు ఒకడి తల పేలాల్సొచ్చిందా?" అంది ఆమె.

"నీ కవరు తీసి పారేయి. రేపు కోర్టుకెళ్లే ముందు మారిఫ్‌లో షమ్స్ షాపుకెళ్లు. మన మనిషి. కొత్తది వేస్తుంది."

"కవరు లేకుండా ఒక్క రోజు గడవదా నాకు?"

"నీ చేతిలోంచి ఫోన్ ఎన్నిసార్లు పడుతుందో నాకు తెలీదా? పగిలితే రేవు కబురు నీకెలా అందుతుంది?"

 "సరే," అంది. ఆ ఒక్క మాటలో అతనికి పాత ఇల్లు గుర్తొచ్చింది.

శుక్రవారం పొద్దున గోదాములో టైర్లున్నాయి, ఎలుకలున్నాయి, కవర్లు చేసేవాడు మాత్రం లేడు. ఇద్దరు కత్తులతో కాచుకుని ఉన్నారు. మొదటివాడు వెనక నుంచి వచ్చి జవాద్ డొక్కలో గీశాడు. జవాద్ జేబులో ఫోన్ వీపులు విప్పే పల్చటి ఉక్కు రేకుంది. తిరుగుతూనే దాన్ని వాడి గొంతులో దించాడు. వాడు రెండు చేతులతో మెడ పట్టుకుని, వేళ్ల సందుల్లోంచి రక్తం కారుతుంటే టైర్ల మీద కూలబడ్డాడు. రెండోవాడు మీద పడ్డాడు. కిందపడి దొర్లారు. వాడి మోకాలు జవాద్ చొక్కా జేబులోని ఫోన్‌ను నలిపేసింది. జవాద్ వాడి తలను ఇనుప చక్రానికేసి కొట్టాడు, ఎముక చప్పుడు మారేదాకా కొట్టాడు.

తరువాత గోడకానుకుని ఊపిరి తీసుకున్నాడు. తను ఇక్కడికొస్తున్నట్టు తెలిసిన ప్రాణి లోకంలో ఒక్కటే. ఆమె దగ్గరికే హలీమాను పంపాడు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టయింది.  అయినా ముఠావాళ్లే తనను వెంబడించి ఉండొచ్చని మనసు ఇంకా సాకులు వెతుకుతోంది. అందగత్తెల విషయంలో మగవాడి మనసు ఎప్పుడూ వాళ్ల తరఫు వకీలే.

మోటారుసైకిలు మీద మారిఫ్ చేరేసరికి మసీదుల్లో నమాజుకు మొదటి పిలుపు మొదలైంది. షాపులో షమ్స్ ఒక్కతే ఉంది. అతన్ని చూసి ఒక్క క్షణం ఆలస్యంగా నవ్వింది.

"ఏంటా రక్తం?"

"చాలా వరకు నాది కాదు. హలీమా వచ్చిందా?"

"పొద్దున్నే వచ్చింది. ఇటుక రంగుది ఎంచుకుంది. ఒంటికి అతికినట్టు సరిపోయింది. నువ్వేం దిగులుపడకు."

గాజు బల్ల మీద, నల్ల మఖమల్ పళ్లెంలో ఇటుక రంగు కవరు ఒకటి విడిగా ఉంది. కాస్త దళసరి.

"దాని జోడేనా ఇది?" అంటూ జవాద్ దాన్ని తీసుకున్నాడు. సంతలో చేతులకు పట్టిన అలవాటు, రెండు కొసలూ పట్టుకుని మెలి తిప్పబోయాడు.

షమ్స్ వెనక్కి గెంతింది. స్తంభం చాటుకు పోయి మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "వద్దు," అంది.

ఇద్దరూ కదల్లేదు. దర్బ్ గల్లెఫ్‌లో పుట్టి, నడక కంటే ముందు కవరు పిండటం నేర్చిన మనిషి, కవరు మెలిపడబోతుంటే చావుకు జడిసినట్టు జడిసింది. ఇంక జవాద్‌కు వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. కంచే చేను మేసింది.

"హలీమాకిచ్చినప్పుడు మెలి తిప్పి చూపించావా?" అన్నాడు.

"జడ్జిలకి మన ఆచారాలేం తెలుస్తాయి," అంది షమ్స్. అంతలో గొంతు పెంచి ఎవరినో పిలిచింది.

వెనక తలుపు తోసుకుని తెల్లజుట్టు విదేశీయుడొకడు తుపాకీతో వచ్చాడు. జవాద్ కవరును వాడి మీదికి విసిరి, "పట్టుకో" అన్నాడు. అందులో ఏముందో చేసినవాడు గనక వాడికి బాగా తెలుసు. తుపాకీ వదిలేసి రెండు చేతులతో పూలకుండీ పట్టుకున్నట్టు అపురూపంగా దాన్ని అందుకున్నాడు. ఆ లోపల జవాద్ బల్ల మీద ఫోన్ అద్దాలు ఊడదీసే హీట్ గన్ ఎత్తి వాడి కళ్లలోకి వేడిగాలి కొట్టాడు. వాడు అరిచాడు, అయినా కవరు మాత్రం వదల్లేదు. జవాద్ వాడి చేతుల్లోంచి కవరును జాగ్రత్తగా తీసి పళ్లెంలో పెట్టి, స్క్రీన్ గ్లాసుల పెట్టెతో వాడి కణత మీద కొట్టాడు. పెట్టె పగిలింది. గాజుపెంకు ఒకటి వాడి మెడలో దిగింది. వాడు మళ్లీ లేవలేదు.

షమ్స్ చేతిసంచిలోంచి చిన్న పిస్తోలు పేలింది. జవాద్ భుజం మండింది. ఆమె రెండోసారి గురి పెట్టేలోగా గల్లాపెట్టె సొరుగు ఊడలాగి ఆమె మణికట్టు మీద కొట్టాడు. ఎముక విరిగింది. ఛార్జర్ వైర్లతో ఆమెను స్తంభానికి కట్టాడు.

"ఎప్పుడు పేలుతుంది?"

ఆమె నొప్పితో చెమటలు కక్కుతూనే నవ్వింది. "ఫోన్ మోగాక ఐదు ఊపిరులకి. ఎవరు చేసినా సరే. జడ్జిగారు కోర్టులో ఉన్నంతసేపూ ఫోన్ ఆపుకుంటారు. మధ్యాహ్నం ఆన్ చేస్తారు. అక్కడ మా మనిషి కాచుకుని ఉన్నాడు. జాగ్రత్తగా ఉండమని చెప్పాలనుందా? ఫోన్ చేసి చెప్పు మరి."

జవాద్ ఆమెకు వీపు తిప్పాడు. ఇంకో క్షణం చూస్తే ఆమెను చంపేసేవాడు. షాపు ఫోన్‌లో కల్నల్‌ను పట్టుకున్నాడు.

"కోర్టులో ఎవరూ ఎత్తట్లేదు," అన్నాడు కల్నల్ కాసేపటికి. "నమాజు వేళ. నా మనుషులంతా రేవులో ఉన్నారు. దగ్గరున్నది నువ్వే."

శుక్రవారం వీధులు ఖాళీగానే ఉంటాయి గాని, మసీదుల ముందు జనం చాపలు పరుచుకుని రోడ్డంతా నిండుతారు. జవాద్ మోటారుసైకిలును పేవ్‌మెంట్లెక్కించాడు, ఒక నారింజపళ్ల బండిని పడగొట్టాడు, తిట్లు తిన్నాడు. ఒక చేత్తోనే బండి నడుపుతున్నాడు. రెండో చెయ్యి రక్తంతో తడిసి జారిపోతోంది. దేవుడా, ఆమె ఫోన్ ఆన్ చేయడం మరిచిపోయేలా చెయ్యి, అనుకున్నాడు. ఆమె ఏదీ మరిచిపోదు. కాపురంలో అతనికి అదే బాధ.

కోర్టు గుమ్మం దగ్గర ముసలి పోలీసు అడ్డొచ్చాడు. "ఎక్కడికయ్యా సీదీ? ఆ రక్తంతో లోపలికెలా..."

"జడ్జి తాజీ ఎక్కడ?"

"పైన వరండాలో. ముందు కార్డు చూపిం..."

జవాద్ ఆయన్ను తోసేసి మెట్లెక్కాడు. ఆయన తుపాకీ తీసి వెనకే పరుగెత్తాడు.

పై వరండాలో, చలువరాతి నేల మీద, ముంగిటి వైపు తెరిచి ఉన్న కిటికీ దగ్గర హలీమా నిలబడి ఉంది. చంకలో ఫైలు. ఫోన్ ఆన్ చేసి చూస్తోంది. కొస గోడ దగ్గర నల్ల గౌను వేసుకున్న వకీలు ఒకడు తన ఫోన్ మీద వేలు పెట్టాడు. ఆమె చేతిలో ఫోన్ మోగింది.

ఒక ఊపిరి. జవాద్ పరుగెత్తాడు. రెండు. ఆమె ఫోన్ చెవి దగ్గరికి తీసుకుంది. మూడో ఊపిరికి అతను ఆమె మీద పడి ఫోన్ లాక్కున్నాడు. కిటికీకి ఇనుప చువ్వలు. వాటి సందులోంచి అరచేయి పట్టదు, ఫోన్ పట్టదు. ఒట్టి కవరు పడుతుంది, అదీ మడిస్తేనే.

సంతలో రోజూ ఎన్ని ఫోన్ల కవర్లు ఊడదీసిన చేతులో అవి. బొటనవేలు కెమెరా రంధ్రంలో దూర్చి పైమూల తన్నాడు. కవరు కదల్లేదు. షమ్స్ బిగువుగా తొడిగింది. గోరు విరిగి రక్తం వచ్చింది. నాలుగు. మూల లేచింది. ఫోన్ జారిపోయింది, పోనిచ్చాడు. ఇటుక రంగు కవరును మెలి పడనివ్వకుండా అడ్డంగా మడిచి చువ్వల సందులోంచి బయటికి తోసి, హలీమాను నేలకు అదిమి మీద పడుకున్నాడు.

ముంగిట్లో గాలిలోనే పేలింది. అద్దాలన్నీ లోపలికి రాలాయి. అతని వీపులో గాజుముక్కలు దిగాయి.

నల్ల గౌను వకీలు గౌను కిందనుంచి తుపాకీ తీసి వాళ్ల వైపు నడిచాడు. జవాద్‌కు లేచే శక్తి లేదు. హలీమాకు అడ్డంగా ఇంకాస్త జరిగాడు, అంతే. రెండు తూటాలు పేలాయి. పడింది వకీలు. మెట్ల మీద ఆయాసపడుతూ ముసలి పోలీసు నిలబడి ఉన్నాడు.

"ముందు నిన్నే కాల్చుదామనుకున్నాను," అన్నాడాయన జవాద్‌తో. "వాడు గౌను తిరగేసి వేసుకున్నాడు. ఏ వకీలూ అలా వేసుకోడు."

హలీమా లేచి కూర్చుంది. జుట్టులో గాజుపొడి. అతని మొహం తుడిచింది, కళ్లు నిండాయి, ఏమీ దాచుకోలేదు. తరువాత ఫైలు వెతికి, పోలీసు దగ్గర పెన్ను అడిగి, నేల మీదే కూర్చుని ఉత్తర్వు మీద సంతకం పెట్టింది. కాగితం అంచున అతని రక్తపు వేలిముద్ర పడింది. రేవులో కంటైనర్లు తెరవడానికి అది అడ్డం కాలేదు.

అంబులెన్సు కోసం ఎదురుచూస్తుండగా ఆమె గాజుపెంకుల్లోంచి తన ఫోన్ ఏరుకుంది. చలువరాతి మీద పడి అద్దం సాలెగూడులా పగిలింది. వెలిగించి చూసింది. వెలగలేదు.

"ఇన్నాళ్లూ సంతలో కూర్చుని జనానికి ఏం అమ్మావు నువ్వు?" అంది. "ఫోన్ కింద పడేయకుండా పట్టుకోవడం కూడా రాదు నీకు."