పన్నెండిళ్లూ బాగుందన్నాయి

బిగుసుకుపోయిన సీసా మూతల్ని ఒంటి చేత్తో తీసే పిడి కూతురి ఆలోచన. మణికట్టు నొప్పితో అమ్మ పడే అవస్థ చూసి, ఉన్న ఉద్యోగం మానేసి మరీ దాని వెంటపడింది. ముందు నమూనాలు చేసి వాడేవాళ్ల చేతిలో పెట్టాలి, వాళ్లు చెప్పిన లోపాలు దిద్దాకే అచ్చు పోయించాలి. వ్యాపార శిక్షణలో నేర్చుకున్న ఆ పద్ధతి ప్రకారం పన్నెండు నమూనాలు చేసింది. అమ్మ వాటిని వీధిలో పంచిపెట్టింది. పన్నెండిళ్లవాళ్లూ బాగుందన్నారు. మధ్యాహ్నంలోగా కర్మాగారానికి సరే అనాలి. అచ్చు పోశాక మార్చడానికి వీల్లేదు.

ఆ ఉదయం పక్కింటి దర్జీ ఆవిడ దిండు గలీబులు కుట్టి తెచ్చింది.

"పిన్నిగారూ, తడి చేత్తో పట్టుకుంటే పిడి జారట్లేదుగా?" అని అడిగింది కూతురు.

"ఏమో తల్లీ, ఇంకా పెట్టె విప్పనేలేదు! బాగుందని చెప్పమని మీ అమ్మ మరీ మరీ చెప్పింది, చెప్పాను."

నోరు జారానని తెలిసి ఆవిడ గలీబులు బల్ల మీద పడేసి మెల్లగా జారుకుంది. కూతురికి ఒళ్లు మండిపోయింది. విసవిసా వంటింట్లోకి వెళ్లింది.

"అందరికీ ఇలాగే చెప్పావా?"

"పన్నెండిళ్లకీ చెప్పాను" అంది అమ్మ, తలెత్తకుండా.

"నా గొయ్యి నేనే తవ్వుకుంటుంటే పక్కన నిలబడి చప్పట్లు కొట్టావన్నమాట! పోనీ, నువ్వైనా వాడుతున్నావా?"

"ఒక్కసారి వాడాను. మణికట్టు ఇంకా లాగేసింది. పక్కన పెట్టేశాను."

ఎవరి చేతి కోసం రెండేళ్లు కష్టపడిందో ఆ చేతికే అది పనికిరాలేదు!

"ఆ మాట నాతో చెప్పడానికి నోరు రాలేదా?" ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది.

ఇక అమ్మ కూడా ఊరుకోలేదు.

"ఎలా చెప్పమంటావే? మొదట చేసిన పిడి బరువుగా ఉందన్నందుకు మూడు రోజులు నాతో మాట్లాడావా? మీ నాన్న చిన్న వంక పెడితే కంచం ముందు నుంచి లేచిపోయావు. లోపాలు చెప్పమని ఊరంతా అడుగుతావు, చెప్పినవాళ్ల మీద నిప్పులు చెరుగుతావు! నీ కోపానికి జడిసే అబద్ధమాడాను."

కూతురు ఎదురు చెప్పాలని నోరు తెరిచింది. కన్నీళ్లొచ్చాయి. అడగడం నేర్చుకుంది గానీ వినడం నేర్చుకోలేదు. తన కోపమే కన్నతల్లితో అబద్ధమాడించింది. ఫోను తీసి, అచ్చు పని ఆపమని కర్మాగారానికి చెప్పేసింది. కాగితం, కలం తెచ్చుకుని అమ్మ ఎదురుగా కూర్చుంది.

"ఇంకా ఏమేం బాగాలేదో చెప్పమ్మా. ఒట్టు, నోరెత్తను."

అమ్మ కళ్లు తుడుచుకుని కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"అయితే రాసుకో. ముందు ఆ రంగే దరిద్రంగా ఉంది."

కూతురు పళ్లు బిగబట్టి, 'రంగు' అని రాసుకుంది.