సాత్విక వెనక్కి తీసుకోని మాట

"మేడం, మీరు క్షమాపణ చెప్పాలి."

నరసరావుపేటలో కాలేజీ గేటు దగ్గర మిర్చి వ్యాపారి వేణుమాధవ్ దారికి అడ్డంగా నిలబడ్డాడు. ఎకనామిక్స్ లెక్చరర్ సాయిసాత్విక అతన్ని తేరిపార చూసింది.

"ఎందుకు?"

"నిన్న మీరిచ్చిన ఉపన్యాసం విని జనం మా నాన్నను నిలదీస్తున్నారు. బ్యాంకు మునుగుతదా అని!"

వేణు తండ్రి మల్లికార్జునరావు వర్తకుల సహకార బ్యాంకు చైర్మన్. ఆ వర్తకుల సభలోనే సాత్విక మాట్లాడింది.

"మునుగుతుందని నేననలేదు. రిజర్వు బ్యాంకు వడ్డీ రేటు తగ్గించింది, అప్పు చౌకైంది. అందరూ కోల్డ్ స్టోరేజీలో మిర్చి పెట్టి, దాని మీదే అప్పు తెచ్చి, ఆ డబ్బుతో మళ్లీ మిర్చే కొంటున్నారు. ధర జారితే అందరూ ఒక్కసారే అమ్ముతారు, ధర ఇంకా పడి అప్పులు తీరవు. అప్పుడు బ్యాంకుకు కష్టం అన్నాను. మీరు వెనక వరసలో ఫోన్ చూసుకుంటున్నారుగా!"

"నన్ను చూశారా?"

"చూడలేదు. కనిపించారు."

ఇంతలో వాన మొదలైంది. సాత్విక గొడుగు విప్పుకుని, అతనికి రవ్వంత చోటైనా ఇవ్వకుండా వెళ్లిపోయింది. తడిసి ముద్దయిన వేణుకు కోపం రావలసింది. నవ్వొచ్చింది, ఆమె నచ్చింది కూడా.

ఇంటికెళ్లి అడిగాడు. "ఆమె చెప్పింది అబద్ధమా నాన్నా?"

"నిజమైతే మాత్రం మైకులో చెప్తారంట్రా?" అన్నాడు మల్లికార్జునరావు.

వేణుకు ఆ జవాబు చాలు.

ఆదివారం బ్యాంకు సభ్యుల సమావేశం. క్షమాపణ చెప్పించడానికి సాత్వికను వేదిక మీదికి పిలిచారు. ఆమె మైకు అందుకుంది.

"డిపాజిట్లు తీయకండి. ఈరోజు బ్యాంకు బాగుంది. బాగున్నప్పుడే జాగ్రత్త చెప్పాలి. మిర్చి మీద కొత్త అప్పులు ఆపండి. నా మాట మాత్రం వెనక్కి తీసుకోను."

హాలంతా గోల. వేణు లేచాడు.

"మిర్చి మీద పెద్ద అప్పు నాదే. ధర ఉండగానే అమ్మి కట్టేస్తా."

"ఒరేయ్, కూర్చో!" అరిచాడు తండ్రి.

"కూర్చోను నాన్నా."

పాత వ్యాపారి హబీబుల్లా గొంతు సవరించుకున్నాడు. "అమ్మాయి చెప్పింది సబబే. నేనూ సగం సరుకు అమ్ముతా."

తర్వాత చేతులు ఒక్కొక్కటే లేచాయి. మల్లికార్జునరావు మొహం గంటు పెట్టుకునే, కొత్త అప్పులు ఆపుతున్నట్టు తీర్మానం చదివాడు.

సభ ముగిశాక వేణు మెట్ల మీద ఆమెను ఆపాడు.

"మీ మాట విని నష్టానికి అమ్ముతున్నా."

"నష్టం కాదు, తక్కువ లాభం."

"సరే. నన్ను పెళ్లి చేసుకుంటారా?"

ఆమె మాట్లాడేలోపే వెనక నుంచి మల్లికార్జునరావు మెత్తబడ్డ గొంతు. "అమ్మాయ్, మీది కారంపూడంట గదా. మీ నాన్న పేరేంది?"

"అడగాల్సింది నన్నండీ, మా నాన్నను కాదు."

"వాడు నిన్నే అడుగుతున్నాడు గదమ్మా! జవాబు చెప్పు మరి!"

సాత్విక వేణు వైపు తిరిగింది. "ఉద్యోగం మానను. తప్పనిపిస్తే మీ నాన్నగారి ముందైనా చెప్పడం మానను."

"మానితే నేనే ఒప్పుకోను."

"అయితే ఇష్టమే," అంది సాత్విక.

మల్లికార్జునరావు తల పట్టుకున్నాడు. "ఇంక ఇంట్లో నా మాట చెల్లినట్టే!" అన్నాడు, నవ్వు దాచుకోలేక.