మేకుకు వేలాడిన చెక్క

“నేనొక మనిషిని చంపానండి,” అంది వచ్చినావిడ, కుర్చీలో కూర్చోకుండానే.

డిటెక్టివ్‌ని అందరూ నిదానంగారంటారు. ఇల్లు కాలుతున్నా చెప్పులు వెతుక్కుని బయటికొచ్చే రకం. “కూర్చోమ్మా. చంపినవాళ్లు పారిపోతారు గానీ నా దగ్గరికి రారు,” అన్నారాయన. ఆ మాటకే అసిస్టెంటు మురిసిపోయాడు.

ఆవిడ వాళ్లది డ్రైక్లీనింగ్ కొట్టు. వెనకగదిలో మామగారు మందు పోసి బట్టలు శుభ్రం చేసేవారు. ఆ గది తలుపు దానంతటదే మూసుకుపోతుంది. లోపలివైపు పిడి ఎప్పుడో ఊడిపోయింది. అందుకే లోపల మనిషి ఉన్నంతసేపూ తలుపు కింద చెక్కముక్క పెట్టాలి. పనయ్యాక తలుపేసి, దాన్ని బయట మేకుకు తగిలించాలి. అది మామగారు పెట్టిన కట్టుబాటు. పోయిన వారం ఆ తలుపు మూసుకుపోయి, మందు ఆవిరికి ఆయన ప్రాణం పోయింది. మిషన్ల మోతలో ఆయన కేక ఎవరికీ వినపడలేదు.

“కర్టెన్ల గుట్ట ఎత్తుకుని వెనక సందులోంచి వెళ్లాను. నా కాలు తగిలే చెక్క జారుంటుంది. కాలు తగిలిందేమోనని ఇంట్లో చెప్పాను గానీ, కర్టెన్ల సంగతి ఇంకెవరికీ చెప్పలేదండి. ‘నువ్వు కావాలని చేశావా ఏంటమ్మా’ అని మామగారి తమ్ముడు, చిన్నమామయ్య రోజూ ఓదారుస్తాడు. ఆయన ఓదార్చినకొద్దీ నాకు ముద్ద దిగట్లేదు.”

కొట్టుకు వెళ్లి నిదానంగారు ముందు అక్కడ ఇస్త్రీ చేసే తాతను అడిగారు. “ఆ రోజు తలుపు తీసి ఆయన్ను చూసింది నువ్వేగా? అప్పుడు చెక్క ఎక్కడుంది?”

“మేకుకే ఉంది బాబూ. ఇప్పటికీ అక్కడే ఉంది.”

మేకు తలెత్తి చూసేంత ఎత్తున ఉంది. తాత కుడిభుజం లేవదు, ఎడమచేత్తో కర్ర పట్టుకోనిదే నిలబడలేడు.

ముప్పయ్యేళ్లుగా అన్నతో కలిసి అదే కొట్టులో పనిచేసిన చిన్నమామయ్య కళ్లు ఒత్తుకుంటూ వచ్చాడు. “ఆ రోజంతా నేను ఊళ్లోనే లేనండి. పాపం పిల్ల తప్పేముంది? అంత కర్టెన్ల గుట్ట మోస్తూ కాలికింద ఏముందో ఏం చూస్తుంది!”

అసిస్టెంటు చటుక్కున నిదానంగారి వైపు చూశాడు. నిదానంగారు తొణకలేదు. అందరినీ వెనకగది ముందుకు పిలిచి, చెక్కను తలుపు కింద పెట్టారు.

“తన్నమ్మా.”

ఆవిడ తన్నింది. చెక్క జారి గోడ మూలకు పోయింది. తలుపు మూసుకుంది.

“చూశారుగా? కాలు తగిలిన చెక్క నేలమీద ఉంటుంది, ఎగిరి మేకెక్కదు. ఎవరో చేత్తో తీశారు. తీసినవాడికి ముప్పయ్యేళ్ల అలవాటు. అన్నను లోపల పెట్టి తలుపేశాక కూడా, పని ముగిసినట్టే చెక్కను మేకుకు తగిలించాడు. ఊళ్లో లేనివాడికి కర్టెన్లెలా కనిపించాయి?”

చిన్నమామయ్య మేకువైపే చూస్తూ ఒప్పుకున్నాడు. “కొట్టు అమ్మనంటే అమ్మనన్నాడు... చెయ్యి దానంతటదే మేకు దగ్గరికి పోయిందండీ. పిల్ల తనదే తప్పనుకుంటే నాకు నిద్రపడుతుందనుకున్నా. ఒక్క రాత్రీ పట్టలేదు.”

పోలీసులు అతన్ని తీసుకెళ్లాక ఆవిడ బావురుమని ఏడ్చింది. మామగారు పోయాక మనసారా ఏడవడం అదే మొదటిసారి. గుండెలమీంచి పెద్ద బరువు దిగిపోయింది.

కాసేపటికి కళ్లు తుడుచుకుని, మూలనున్న చెక్కను తెచ్చి తలుపు కింద గట్టిగా దూర్చింది. “రేపే లోపలివైపు పిడి పెట్టిస్తాను.”

“రేపటిదాకా ఎందుకమ్మా? ఇవాళే పెట్టించు,” అన్నారు నిదానంగారు. ఆయన నోట తొందర మాట వినడం అసిస్టెంటుకు అదే మొదలు.