ఎనిమిది వందల ఇరవై గ్రాములు

దత్తు ఆ కార్ఖానాలో అన్న మొదటి మాటకే గొడవ జరిగింది. నిజానికి ఆ మాట ఎవరికీ వినిపించలేదు.

శాంతి నగర్‌లోని సదానందం కార్ఖానాలో ఇరవై నాలుగు సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, ఒకే రేకుల కప్పు కింద నడుస్తాయి. ఆ మోతలో గొంతుకు పని లేదు. అక్కడివాళ్లు ఎదుటి మనిషి పెదవులు చూసి మాట చదువుకుంటారు. దత్తు కూడా సాంచాల ఇంట్లో పుట్టినవాడే. టీ కలుపుతున్న దీపాలిని చూసి దూరం నుంచే పెదవులతో అన్నాడు: పాలు తక్కువ.

మధ్యలో ఉన్న ముసలి నేతగాడు బుచ్చిరాములు దాన్ని ‘మాలు తక్కువ’ అని చదివాడు. వచ్చినవాడు సేటు మనిషి అనుకుని, కట్టిపెట్టిన బట్ట తానులన్నీ విప్పి మళ్లీ కొలిచాడు. గంట తర్వాత చెమటలు కారుతూ వచ్చి, మాలు సరిగానే ఉందని దత్తు మొహం మీద చెప్పాడు.

సదానందం కూతురు దీపాలి అతణ్ని వాకిట్లోకి తీసుకెళ్లింది. నవ్వు ఆపుకుంటున్నట్టు కనిపించకూడదని ఆమె ప్రయత్నం.

“పెదాల మాట మీకెవరు నేర్పిన్రు?”

“మా అమ్మ.”

“సగమే నేర్పింది. ప, బ, మ మూడిటికీ పెదాలు ఒక్కతీరుగనే కలుస్తయి. గా మాటలకు చెయ్యి గుడ చూపియ్యాలె. పాలకు గ్లాసు, మాలుకు తాను.”

“మరి మామకు?”

“మామకు మీసం. గా మాట తోని మీకేం పని? మా నాయినను కాక అంటున్నరు కద.”

కాక అంటే చిన్నాన్న. చిన్నాన్న కూతురు చెల్లెలవుతుంది. దత్తు టీ గ్లాసులోకి చూశాడు.

అతను వచ్చింది టీ కోసం కాదు. దీపాలి అన్న వైభవ్, దత్తు ఒకే కాలేజీలో చదివి, చాకణ్‌లో ఒకే డ్రాయింగ్ ఆఫీసులో పనిచేశారు. సెలవుల్లో ఈ కార్ఖానా వెనక గదిలో ఇద్దరూ కలిసి గుట్టలెక్కే మోటార్‌సైకిల్ ఒకటి తయారు చేశారు. రెండేళ్ల కిందట ఒక గురువారం వైభవ్ దాని మీద వజ్రేశ్వరి అవతలి గుట్టలకు వెళ్లాడు. తిరిగి బండి ఒక్కటే వచ్చింది, టెంపోలో.

బండిని మళ్లీ నిలబెడతానని దత్తు అడిగాడు. సదానందం లోపలికి వెళ్లాడు. వెనక గది తాళంచెవి తెచ్చి ఇచ్చాడు.

చాకణ్ ఉద్యోగం వదిలేసి దత్తు అంజూర్ ఫాటా దగ్గర లారీల షెడ్డులో పని చూసుకున్నాడు. మధ్యాహ్నాలు ఇక్కడికి వచ్చేవాడు. దీపాలి నూలు కండెలు చుట్టే బల్ల వెనక గది గుమ్మానికి ఎదురుగా ఉంటుంది. రెండు వారాలకు మీరు పోయి నువ్వు వచ్చింది. వాన పట్టిన రోజుల్లో రేకుల మీది చినుకుల మోత సాంచాల మోతతో కలిసిపోయేది. అప్పుడు ఇద్దరూ పెదవులతోనే వాదించుకునేవాళ్లు.

ఆమెకు ఇంజను సంగతులు కొంచెం కొంచెంగా తెలిశాయి. దీనికి ఒకటే సిలిండరు. లోపలి పిస్టన్ పైకీ కిందికీ కొట్టుకుంటుంటే ఇంజను మొత్తం అదురుతుంది. ఆ అదురును చంపడానికి, దానికి ఎదురు తిరిగే ఇనుప కడ్డీ ఒకటి పెడతారు. దాని నడుముకు అర్ధచంద్రంలా ఒక దిమ్మ ఉంటుంది. తూకం ఎనిమిది వందల ఇరవై గ్రాములు. అది బండిని లాగదు, చక్రాన్ని తిప్పదు.

“ఉత్త బరువు. రాళ్ల మీద బండి పడ్డప్పుడు లేపేది మనిషే. ఒక్కొక్క గ్రాము తెలుస్తది. అందుకే తీసెయ్యిమన్న,” అన్నాడు దత్తు.

“ఎవరికి?”

అతను పానా కింద పెట్టాడు. “మీ అన్నకు. ఉంచుదామన్నడు. నేనే తీసెయ్యిమన్న.”

ఆమె లేచి కండెల బల్ల దగ్గరికి వెళ్లింది.

ఆ కార్ఖానాలో అందరికీ తెలిసి, ఎవరూ మాట్లాడని సంగతి ఇంకొకటి ఉంది. శుక్రవారం కరెంటు ఉండదు. పేట మొత్తం ఒక్కసారిగా ఆగిపోతుంది. మోతకు అలవాటైన చెవులకు ఆ నిశ్శబ్దం నీళ్లలో మునిగినట్టు ఉంటుంది. ఆ పట్టపగటి నిశ్శబ్దంలో, దీపాలి బల్ల పక్కనున్న కండెల పెట్టెలో నుంచి చప్పుడు వచ్చేది. టిక్. కొంచెం ఆగి, టిక్. ఇనుము మీద ఇనుము తగిలినట్టు. వైభవ్ పోయిన మర్నాడు మొదలైంది. బుచ్చిరాములు పెట్టె మూలకు పసుపు రాసి, పైన నిమ్మకాయ పెట్టాడు. అప్పటి నుంచి పైపైన కండెలు తీయడం, పైపైన నింపడమే తప్ప అడుగు దాకా ఎవరూ చెయ్యి పెట్టలేదు.

ఒక శుక్రవారం దత్తు కూడా విన్నాడు. లారీలు పోతుంటే నేల అదిరి ఏదో కదులుతుందేమో అన్నాడు. దీపాలి వీధిలోకి చూపించింది. వీధిలో లారీ లేదు. ఒక మేక ఉంది.

“చూద్దామా?” అన్నాడు.

“ఒద్దు.”

కాసేపటికి ఆమె తనంతట తానే చెప్పింది. ఆ గురువారం పొద్దున అన్నతో తగవు పడింది. గుట్టలకు పోతే నాతో మాట్లాడకు అంది. సాంచాలు నడుస్తుండగా అతను వెనక గది గుమ్మంలో నిలబడి ఆమె వైపు చూసి ఒక మాట అన్నాడు. మరువు, దీపా. అంతే. ఆమె కోపంతో తల దించుకుని కండె చుట్టుకుంది. తల ఎత్తేసరికి గుమ్మం ఖాళీగా ఉంది.

“మరువుమన్నడు. రెండేండ్ల సంది మరువనీకె చూస్తున్న. నాతోని అయితలేదు. ఆఖరికి అన్న మాట గుడ వినని దాన్నైతి.”

దత్తు ఆమె చేతిలోని కండెను మెల్లగా తీసుకుని బల్ల మీద పెట్టాడు. అంతకంటే ఏమీ చేయలేదు.

ఆ తర్వాతి గురువారానికి బండి సిద్ధమైంది. దత్తు హెల్మెట్ చేత్తో పట్టుకుని వెనక గది గుమ్మంలో నిలబడ్డాడు. ఇరవై నాలుగు సాంచాలూ నడుస్తున్నాయి. అతని వెనక వెలుతురు ఉండడంతో మొహం సరిగా కనిపించడం లేదు, పెదవుల కదలిక మాత్రమే తెలుస్తోంది.

ఆ పెదవులు కలిసి విడిపోయాయి. మరువు.

దీపాలి చేతిలో కండె ఆగిపోయింది. అదే గుమ్మం, అదే హెల్మెట్, అదే మాట.

కానీ పెదవులు ఆగలేదు. ఆమె మిగతాది చదివింది: లేకుండనే రేపు పోతున్న.

మరువు లేకుండా. ఆ మాటకు అర్థం లేదు. ఆమె మొదటి అక్షరం మార్చి చదువుకుంది. బరువు లేకుండనే రేపు పోతున్న.

బరువు.

ఆ రోజు తను పెదవులే చూసింది. చెయ్యి చూడలేదు. ఇప్పుడు కళ్లు మూసుకుని గుర్తు చేసుకుంటే చెయ్యి కనిపించింది. ఎడమ చేతిలో హెల్మెట్. కుడి చెయ్యి తిన్నగా చాపి, వేలు కిందికి చూపిస్తూ. కండెల పెట్టె వైపు.

దీపాలి నిమ్మకాయ తీసి పక్కన పెట్టింది. పెట్టెను రెండు చేతులతో ఒరిగించింది. కండెలు నేల మీద దొర్లాయి. బుచ్చిరాములు తన సాంచా ఆపాడు. అడుగున తెల్లగుడ్డ మూట ఒకటి ఉంది. విప్పితే నూనె రాసిన ఇనుప కడ్డీ. దాని నడుముకు అర్ధచంద్రం. దారంతో కట్టిన కాగితం మీద వైభవ్ గుండ్రటి అక్షరాలు:

‘820 గ్రా. ఇది తీసేస్తే ఆ అదురుకు ఫ్రేము పగులుతుంది. పగలకుండా ఫ్రేముకు అతకాల్సిన ఇనుము కిలోన్నర. దత్తుకు లెక్క చూపాలి. ఈ రోజు ఒక్కసారి ఇది లేకుండా నడిపి చూసి వచ్చి మళ్లీ పెట్టాలి.’

ఆమె దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని గుమ్మం దాకా నడిచింది. దత్తు చదివాడు. రెండుసార్లు చదివాడు. హెల్మెట్ చేతిలోంచి జారి దొర్లింది. ఆ చప్పుడు ఎవరికీ వినపడలేదు.

ఆమె అతని చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా అంది. “బరువు లేకుండ ఎందుకు పోతనన్నవ్?”

“నా మాట తోనే పోయిండా, కాదా? గట్లనే నడిపి చూస్తె తెలుస్తదనుకున్న.”

“తెలిసినంక చెప్పనీకె నువ్వుంటవా?”

అతను వంగి హెల్మెట్ తీసి గోడకు తగిలించాడు. ఆ సాయంత్రం ఇంజను మళ్లీ విప్పాడు. ఆమె దీపం పట్టుకుంది. కడ్డీ తన చోట్లో కూర్చునేటప్పుడు చిన్న చప్పుడైంది. ఇద్దరికీ అది తెలిసిన చప్పుడే.

పూర్తిగా బిగించి పెట్టడానికి వారం పట్టింది. గురువారం మధ్యాహ్నం దత్తు చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి, సాంచాల మీదుగా ఆమెకు పెదవులతో ఒక మాట చెప్పాడు. నన్ను చేసుకుంటవా? ఇందులో గ్లాసు చూపించాల్సిన అక్షరం లేదు. ఎవరూ తప్పు చదవడానికి వీల్లేదు.

ఎవరూ తప్పు చదవలేదు కూడా. బుచ్చిరాములు సాంచా ఆపేశాడు. పక్కవాడూ ఆపాడు. అక్కడ అందరికీ పెదవుల చదువు వచ్చని దత్తుకు అప్పుడు గుర్తొచ్చింది.

దీపాలి తండ్రి వైపు చూసింది. సదానందం కార్ఖానా ఆ చివర నిలబడి ఉన్నాడు. కొడుకు పోయాక ఆయన నవ్వడం ఎవరూ చూడలేదు, ఇప్పుడూ నవ్వలేదు. దత్తును చూసి మెల్లగా పెదవులు కదిపాడు. ఇగ కాక అనకు.

దత్తు మొహం పాలిపోయింది.

అప్పుడు సదానందం కుడి చెయ్యి పైకెత్తి, మీసం మీద వేలు పెట్టుకున్నాడు.

మర్నాడు శుక్రవారం. దత్తు పొద్దున్నే గుట్టలకు వెళ్లాడు. పేట ఆగిపోయి ఉంది. దీపాలి ఒక్కతే బల్ల దగ్గర కూర్చుని వీధి వైపు చెవి పెట్టింది. కండెల పెట్టె కడిగి ఎండబెట్టి ఉంది. లోపల ఏమీ లేదు.

టిక్.

ఆమె కదల్లేదు. కొంచెం ఆగి, టిక్. ఖాళీ పెట్టెలో నుంచే. ఆమెకు భయం వేసింది, కానీ లేచి వెళ్లాలనిపించలేదు. ఎవరో తనతో పాటే కూర్చుని వీధి వైపు వింటున్నట్టుగా ఉంది. మధ్యాహ్నం దాకా అలాగే లెక్కపెట్టింది.

తర్వాత ధామన్కర్ నాకా వైపు నుంచి ఇంజను చప్పుడు వచ్చింది. తడబాటు లేని, ఒకే తూకంతో సాగే చప్పుడు. అది సందు మలుపు తిరిగేసరికి పెట్టెలో టిక్ ఆగిపోయింది.

ఆమె వెనక గది గుమ్మం వైపు తిరిగింది. అక్కడ ఎవరూ లేరు. మోత లేకపోయినా పెదవులతోనే అంది: మరువను. ఈసారి చెయ్యి కూడా చూపించింది, గుండె మీద పెట్టుకుని.

దుమ్ము కొట్టుకుని లోపలికి వచ్చిన దత్తు చూశాడు. “ఏమంటున్నవ్?”

“నీతోని కాదు,” అంది. “టీ తాగుతవా?”

అతను వేళ్లతో గ్లాసు చూపించాడు.