గొడ్డలి దెబ్బ

తియెన్‌జిన్ స్టేషన్‌లో షాన్‌షీ రైలు ఆగింది. అందరూ దిగిపోయినా చివరి పెట్టెలో ఒకాయన మాత్రం లేవలేదు. ఆయన మెడలో సన్నటి ఉక్కు సూది దిగి ఉంది. జేబులు ఖాళీ.

అది 1936 శీతాకాలం. గంట తిరక్కముందే ఏజెంట్ లువో జింగ్‌హె చీఫ్ చూ ఎదుట నిలబడ్డాడు.

“అందిన కబురును బట్టి చచ్చిపోయినాయన శింగ్‌యీ యుద్ధవిద్య గురువు. మధ్యాహ్నం జనరల్ ఫాన్ ముందు ప్రదర్శన ఇవ్వడానికి వస్తున్నాడు. జనరల్‌ని చంపడానికి ఆయన పేరుతో జపాన్ ముఠా మనిషి దూరాడు.”

“ఆ పేరేంటి సార్?”

“అదే తెలీడం లేదు, కాగితాలన్నీ పోయాయి. వచ్చిన గురువులు తలో ఊరివాళ్లు, ఒకరి మొహం ఒకరు ఎరగరు. సోదా చేస్తామంటే జనరల్ ఒప్పుకోలేదు, అతిథులకు అవమానమట. నువ్వా విద్య నేర్చావుగా? కనిపెట్టు.”

ప్రదర్శనశాలలో లువో దొంగమీసంతో, వంగిన నడుముతో టీ అందిస్తున్నాడు. బొచ్చుకోటు వేసుకున్న గాయని మియావ్ లాన్‌చిన్ కప్పు అందుకుంది. రెండు పక్షాలకూ రహస్యాలమ్మే మనిషామె.

“టీలో మల్లెవాసన లేదేం?”

“మంచు కరిగాక వస్తుందమ్మా.” కోడ్ సరిపోయింది.

“మనిషెవరో నాకూ చెప్పలేదు,” గుసగుసగా అంది. “అంగీ కుడిచేతి లోపల స్ప్రింగ్ పిస్తోలుంది. చెయ్యి పూర్తిగా చాస్తే పేలుతుంది.”

“ఇవాళ ఎవరి పక్షం?”

“నువ్వు బతికుంటే నీ పక్షమే!”

గంట మోగింది. గురువులు ఒక్కొక్కరే వచ్చి పీచువాన్‌తో, అంటే చీల్చే దెబ్బతో మొదలుపెట్టారు. ఆ విద్యలో ఎవరికైనా మొదటి పాఠం అదే. పిడికిలి రొమ్ము మీదుగా గడ్డం దాకా లేస్తుంది, అరచెయ్యిగా విచ్చుకుని గొడ్డలిలా పడుతుంది. చెయ్యీ కాలూ ఒకే క్షణంలో దిగాలి. ముందువరసలో కూర్చున్న గెంగ్ గురువు లువో చేత ఏళ్ల తరబడి ఇదొక్కటే చేయించాడు.

పొడుగు అంగీ వేసుకున్న బక్కపలచటి గురువు వంతు వచ్చింది. ఎడమచేతి దెబ్బ చక్కగా పడింది. కుడిచెయ్యి మాత్రం సగంలోనే ఆగిపోయింది. మళ్లీ ఎడమ చక్కగా, మళ్లీ కుడి సగం. జనం చప్పట్లు కొడుతున్నారు.

లువో పళ్లెంతో ఒక అడుగు ముందుకేసి ఆగాడు. వీడేనా, లేక పాత గాయమేమో? తప్పు మనిషిని కొడితే అసలువాడు జాగ్రత్తపడతాడు.

బక్కగురువు జనరల్ వైపు తిరిగాడు. “ఈ చివరి దెబ్బ తమ గౌరవార్థం!”

జనరల్ నవ్వుతూ లేచి నిలబడ్డాడు. కుడిపిడికిలి గడ్డం దాకా లేచింది. ఈసారి ఆగలేదు.

టీ పళ్లెం నేల మీద పగిలింది. లువో ఒక్క అంగలో మధ్యకొచ్చాడు. అతని పిడికిలి లేచి, విచ్చుకుని, చాచుకుంటున్న ఆ ముంజేతి మీద పడింది. ఎముక విరిగింది. పిస్తోలు పేలింది. తూటా జనరల్ బూటు పక్కన చెక్కలోకి దిగింది. రెండో దెబ్బ రొమ్మున తగలగానే బక్కవాడు కుర్చీల మీద వెల్లకిలా పడ్డాడు. కాపలావాళ్లు మీదపడి పట్టుకున్నారు.

ఈ గోలలో గాయని ఎటు పోయిందో ఎవరూ చూడలేదు.

లువో ఊడిన మీసం పీకేసి, గెంగ్ గురువుకు వంగి దండం పెట్టాడు. ముసలాయన అతన్ని ఎగాదిగా చూశాడు.

“చెయ్యీ కాలూ కలిశాయి. భుజం పైకి లేచిందేంరా వెధవా? రేపు పొద్దున్నే రా, మొదటినుంచి నేర్చుకుందువుగాని.”