ఆరున్నొకటి

శనివారం మధ్యాహ్నం. కలకత్తా సాల్ట్ లేక్ ఆఫీసులో ఉన్నది ఇద్దరే, మైథిలి, లలిత్. ఆన్‌లైన్ దుకాణం పెట్టుకునేవాళ్ల కోసం సరుకు లెక్క చూసే యాప్ తయారుచేస్తున్నారు. గోడౌన్‌లో మనిషి ఫోన్ ముందు నోటితో లెక్కపెడితే చాలు, చివరి అంకె తెరమీద పడుతుంది. సోమవారం విడుదల.

మొదటి పరీక్ష ఓడరేవు పక్కన వాట్‌గంజ్‌లో, ఇత్తడి గంటల గోడౌన్‌లో జరిగింది. అక్కడ లెక్క దాలమ్మది. శ్రీకాకుళం మనిషి. ముప్పై ఏళ్లుగా చింతపండుతో గంటలు తోమి, గోడ అరల్లో, అరకి ఏడు పెట్టెల చొప్పున సర్దేది. "లాభం, రెండు, మూడు..." అని మొదలుపెట్టి, ఆరు తరవాత "ఆరున్నొకటి" అనేది.

"ఏడు అనవేం?" అని మైథిలి నవ్వింది. కలకత్తాలో పుట్టిన పిల్ల, ఆమె తెలుగు ఇంటి గడప దాటదు.

"సరుకు ముందర ఏడుపు మాట ఏటమ్మా? ఒకటిని లాభం అంతాం, ఏడుని ఆరున్నొకటి అంతాం."

ఆ మాట యాప్‌కి రాదు. ప్రతి అరకీ ఆరు దగ్గరే ఆగి, పెట్టె తక్కువని చూపించింది. తిరిగి చూద్దామంటే అప్పటికే సరుకు ఓడకెక్కేసింది. యజమాని నలుగురి ముందూ దాలమ్మని దొంగ అన్నాడు. ఆమె అన్నం మానేసింది. నెల తిరక్కుండా పోయింది.

తప్పు ఎక్కడుందో లలిత్ మొదటి వారమే పట్టుకున్నాడు, మైథిలికి మాత్రం చెప్పి గుట్టుగా సరిచేశాడు. దాలమ్మ కూతురు రోజారాణి వచ్చి, "మాయమ్మ దొంగ కాదని ఒక్క ముక్క రాసియ్యండి దీదీ" అని బతిమాలింది. "మాకేం తెలీదు" అంది మైథిలి. ఎంత సులువుగా అనేసిందో! ఆ రాత నాలుగు నిమిషాల పని.

ఇప్పుడు దాలమ్మ లెక్కపెట్టిన ఆ పాత రికార్డింగులు చెరిపేస్తున్నారు. బయట కాలబైశాఖి, బెంగాల్ వేసవి గాలివాన, లేచి, నాలుగింటికే ఆకాశం నల్లబడింది. కరెంటు పోయింది. లలిత్ లాప్‌టాప్ ఒక్కటే వెలుగుతోంది.

"ఇదే ఆఖరిది" అని నొక్కాడు.

జాబితాలో కొత్త రికార్డింగు చేరింది. ఇవాళ్టి తేదీతో.

నానబెట్టిన చింతపండు వాసన... తలుపు వైపు నుంచి...

"లాభం."

లాప్‌టాప్‌లోంచి కాదు. తలుపు దగ్గర.

"రెండు... మూడు..." తడికాళ్లు నేలకి అంటుకుని ఊడుతున్న చప్పుడు. "నాలుగు..." ఆ గొంతు మైథిలి పక్కనుంచే వెళ్లింది. "ఐదు..." చలి. "ఆరు."

లలిత్ కుర్చీ వెనక ఆగింది.

"ఆరున్నొకటి అను దాలమ్మా..." లలిత్ చేతులు జోడించాడు. "దండం పెడతాను..."

"ఆ మాట మీ మిషన్‌కి రాదు కదా బాబూ." చాలా మెల్లగా. "ఏడు."

లెక్క చెప్పినట్టు లేదు. పని చెప్పినట్టుంది.

కరెంటు వచ్చింది. లలిత్ ఏడుస్తున్నాడు. చప్పుడు లేదు, రెప్ప వాలడం లేదు. నీళ్లు మాత్రం కారుతూనే ఉన్నాయి. మైథిలి పట్టి కుదిపింది. "రోజారాణికి రాసిచ్చేద్దాం లలిత్... ఇవాళే..." వాడికి వినబడలేదు.

తెరమీద కొత్త వరస. గోడౌన్, వాట్‌గంజ్. సరుకు, లలిత్. 'ఎన్ని' అన్న గడిలో అంకె తప్ప అక్షరం పట్టదు. ఆ గడి కట్టింది మైథిలే.

అందులో తెలుగులో ఉంది. లాభం.

దాని కింద మరో వరస తెరుచుకుంది. మైథిలి తన అరచేతులు వాసన చూసుకుంది. చింతపండు.