బోణీ కాని శుక్రవారం

నాగరత్న ఉప్పిట్టుకు ఉల్లిగడ్డలు తరుగుతూ ఉంటే మామ వెంకటేశయ్య వంటింటి గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, కొత్త పంచె. ఇంత పొద్దున్నే ఆయన అట్లా తయారై చాలా రోజులైంది.

"అమ్మా, ఈ పొద్దు బోణీకి నువ్వు రావాల," అన్నాడు.

ఆమె చేతిలో కత్తి ఆగింది.

రాబర్ట్‌సన్‌పేటలో వాళ్లవి రెండు వ్యాపారాలు. బజారులో కిరాణా అంగడి ఆమె భర్త రామచంద్ర చూసుకుంటాడు. మాణిక్య టాకీస్ మామది. కొత్త సినిమా పడిన ప్రతి శుక్రవారం ఆడవాళ్ల టికెట్ కౌంటర్లో అత్త అంబుజమ్మే కూర్చునేది. మొదటి టికెట్ ఇంటి ఇల్లాలి చేతి నుంచి ఒక ఆడమనిషి చేతికి పోవాలి. అదే బోణీ. అది అయ్యేదాకా మగవాళ్ల కౌంటర్ తెరవరు, ఇల్లాలు కుర్చీలోంచి లేవదు. ఊళ్లో బంగారు గనులు నడిచిన రోజుల్లో ఆమె కూర్చోవడమే ఆలస్యం, గోడకున్న కంతలోంచి పది చేతులు దూసుకొచ్చేవి.

కరోనా మొదటి విడత తగ్గి హాళ్లు తెరిచాక సగం సీట్లకే అనుమతి ఇచ్చారు. ఆ సగంలో సగం కూడా నిండలేదు. అట్లాంటి ఒక శుక్రవారం అంబుజమ్మ ఆ కౌంటర్ నుంచి జ్వరంతో ఇంటికి వచ్చింది. కోలారు ఆసుపత్రికి పోయి మళ్లీ తిరిగి రాలేదు.

తరువాత హాళ్లు మళ్లీ మూతపడ్డాయి. రావాల్సిన పెద్ద సినిమా ఉగాదికన్నారు, వరమహాలక్ష్మి పండక్కన్నారు. పోస్టర్లు అతికించిన ప్రతిసారీ తేదీ మీద తెల్లకాగితం అంటించాల్సి వచ్చింది. చివరికి దసరా ముందు ఈ శుక్రవారం ఖాయమైంది.

"యాడికి? ఆ కౌంటర్లోకా?" రామచంద్ర తల తుడుచుకుంటూ వచ్చాడు. "మా అమ్మ చాలలేదా నాయనా నీకు?"

"ఆ మాట అనొద్దురా."

"ఎవురొస్తారు నీ సినిమాకు? కోలారు కాడ నరసాపురం ఫ్యాక్టరీలో పన్జేసే పిల్లోళ్లు ఎప్పుడో వాళ్ల ఊర్లకు ఎల్లిపోయినారు. ఉన్నోళ్లు పడుకోని ఫోన్లో చూస్తాండారు. 'మీ నాయన ఇంగా ఆ కొట్టం తెరుస్తానే ఉండాడా' అని అంగట్లో నన్నడుగుతారు!"

"కొట్టమా? నా టాకీసు కొట్టమా?"

"నేననలే. ఊరంటాంది."

వెంకటేశయ్య కోడలి వైపు తిరిగాడు. "మంచి చెయ్యి లేకనే హాలు ఇట్లయింది. ఒక్క టికెట్టమ్మా. ఇచ్చేసి వచ్చెయ్యి."

"రత్న ఆ కౌంటర్లోకి పోయిందంటే నేను ఈ ఇంట్లో ఉండను," అన్నాడు రామచంద్ర. కంచం ముట్టకుండా అంగడికి వెళ్లిపోయాడు.

నాగరత్న చీర మార్చుకుంది. ఆ హాలు మీద ఆశ కూడా పోతే ముసలాయన బతకడని ఆమె భయం.

కౌంటర్ ఒక ఇరుకు గది. కిటికీ లేదు. ఫ్యాను తిరగలేదు. మాస్కు లోపల ఊపిరి కాలుతోంది. ఆమె కంత వైపు చూస్తూ కూర్చుంది. మ్యాట్నీ టైము అయింది. ఒక్క చెయ్యీ రాలేదు.

మగవాళ్ల కౌంటర్ ముందు ముగ్గురు కుర్రాళ్లు మాత్రం నిలబడి ఉన్నారు. "వీళ్లకన్నా ఇచ్చేద్దాం సామీ," అన్నాడు గేటు దగ్గర టికెట్లు చింపే పిల్లప్ప. వెంకటేశయ్య తల అడ్డంగా ఊపాడు. కుర్రాళ్లు కాసేపు చూసి, నవ్వుకుంటూ బండెక్కి వెళ్లిపోయారు.

ఎండ వాలుతుండగా రామచంద్ర అంగడి మూసి పరుగెత్తుకొచ్చాడు. "లెయ్ రత్నా!"

"బోణీ కాలేదు," అంది నాగరత్న లోపలి నుంచి.

"అయితే నేను కొంటా. నీ కోడలి పక్కన నేనే కూర్చోని చూస్తా, పట్టు!" అంటూ తండ్రి చేతిలో నోటు పెట్టాడు.

"మగోడి చెయ్యి బోణీకి చెల్లదు. ఇంటోళ్ల దుడ్డూ చెల్లదురా," అన్నాడు వెంకటేశయ్య, నోటు తిరిగిస్తూ.

పిల్లప్ప నీళ్ల సీసా కంతలోంచి లోపలికి చాచాడు. "గొంతు తడుపుకో తల్లీ. పొద్దున్నుంచి అట్లనే కూర్చోనుండావు."

"వద్దన్నా. తాగితే లేవాల్సొస్తాది."

పిల్లప్ప సీసా వెనక్కి తీసుకున్నాడు. "పెద్దమ్మగారూ ఆ పొద్దు ఇదే మాట అనె," అన్నాడు. "ఒళ్లు కాలిపోతా ఉండె. దీపాలు పెట్టేదాకా గుక్క నీళ్లు తాగలే. ఒక్క ఆడమనిషీ రాలే."

"జ్వరమని నాకెందుకు చెప్పలేదురా?" అన్నాడు వెంకటేశయ్య.

"మీకు చెప్పొద్దనె సామీ. 'ఆయన ఆశ పడుండాడు' అనె."

వెంకటేశయ్య కౌంటర్ తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు.

"లెయ్యమ్మా."

"బోణీ, మామా?"

"ఈ హాలుకు ఇంగ బోణీ లేదు. లెయ్యి!"

ఆమె గోడ పట్టుకుని లేచింది. కాళ్లు తిమ్మిరెక్కి తూలితే వెనకే వచ్చిన రామచంద్ర పట్టుకున్నాడు. ఖాళీ అయిన కుర్చీలో వెంకటేశయ్య కూలబడ్డాడు. నాగరత్న ఆయన ముందు నేల మీద కూర్చుని మోకాలి మీద చెయ్యి వేసింది.

"గేటు మూసెయ్ పిల్లప్పా," అన్నాడాయన. తరువాత కొడుకు వైపు చూశాడు. "నేను లోపలికొచ్చి లెయ్యి అనుంటే లేసేదిరా మీ అమ్మ. ఆ ఒక్క మాట కోసమే కూర్చోనుండె."

రామచంద్ర వంగి తండ్రి చంకల కింద చేతులు వేసి, ఏడుస్తూ, ఆయన్ని పైకి లేపాడు.